కొలెట్ ఇంటి ముందు మొలవని గడ్డి

"గింజలు చల్లాక నేల ఆరిపోకూడదు. చేత్తో ముట్టుకుంటే చెమ్మ తగలాలి, అంతే. ఎక్కువైతే కుళ్ళిపోతాయి."

కంచె అవతల నుంచి ఆ మాటలు వినిపించేసరికి మార్లిస్ చేతిలోని గడ్డి గింజలు చేతిలోనే ఉండిపోయాయి. మాటలు తనవి. గొంతు మాత్రం మొగుడిది.

సెప్టెంబరు మొదటి శనివారం. మినసోటాలో చలి ముదరకముందే పచ్చికకి చెయ్యాల్సినవన్నీ చేసెయ్యాలి. మార్లిస్ పొద్దున్నించీ మోకాళ్ళ మీదే ఉంది. వెర్నన్ "నడుం పట్టేసింది, నువ్వు కానిచ్చెయ్" అని కాఫీ కప్పుతో బయటికెళ్ళి, పక్కింటి కొలెట్ వాకిట్లో తేలాడు. అక్కడికి వెళ్ళగానే నడుం నయమైపోయింది కాబోలు, గింజల బస్తా భుజాన వేసుకుని పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు.

కొలెట్ ఆ వసంతంలోనే వచ్చింది. విడాకులయ్యాయి, పళ్ళ డాక్టరు దగ్గర పని, ఇన్నాళ్ళూ అపార్టుమెంట్లలో ఉండి వచ్చిందట, పచ్చికంటే ఏమిటో తెలీదు. తెలీదని నవ్వుతూ చెప్పుకుంటుంది కూడా. మార్లిస్‌కి మండేది అక్కడే. తనకి తెలీదని చెప్పే వీలెప్పుడొచ్చింది? పెళ్ళయి వచ్చిన ఏడాదే అత్తగారు కిటికీలోంచి చూస్తూ "మావాడికి పచ్చిక బాగుండాలమ్మా, వీధిలో పేరు" అంది. పేరు వాడికి, పచ్చిక నీకు అని విడమర్చి చెప్పలేదు గానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా జరిగింది అదే. శరదృతువు రాగానే వేళ్ళకి గాలాడేలా నేలకి చిన్న చిన్న గుంటలు పొడవడం, బోసిపోయినచోట గింజలు చల్లడం, తులిప్ దుంపలు జానెడు లోతున పాతి ఉడతలు తవ్వకుండా పైన వల పరవడం, రాలిన ఆకుల్ని రోడ్డు వారకి ఈడ్చడం, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా ఖాళీ చేయించడం. ఇవన్నీ బడి వంటశాలలో నాలుగొందల మంది పిల్లలకి వండి వడ్డించి వచ్చాక. అదంతా ఆయన లెక్కలో "మార్లిస్‌కి బయట తిరగడం సరదా."

తలెత్తి చూసింది. కొలెట్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బళ్ళో పిల్లలా వింటోంది. "అబ్బ, ఇవన్నీ మీకెలా తెలుసండీ?" అంటోంది. వెర్నన్ భుజాలు ఎగరేసి, "ఏళ్ళ తరబడి చేతులు మట్టిలో పెడితే అదే వస్తుంది" అన్నాడు. ఏ చేతులు? మార్లిస్ తన గోళ్ళు చూసుకుంది. అసూయ ఆమెకి గొంతు దాకా వచ్చింది. దాచుకోవడమెందుకు, ఆ నిమిషాన కొలెట్ జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాలనిపించింది.

అప్పుడే కనిపించింది ఆ సంచి. తమ గ్యారేజీలోని రెండు సంచుల్లో నీలంది శరత్కాలపు ఎరువు, పసుపుది వసంతంలో కలుపు మొలవకుండా చల్లే మందు. ఆ మందుకి కలుపు గింజ, గడ్డి గింజ అన్న తేడా లేదు. ఏదైనా సరే, మొలక రానివ్వదు. వెర్నన్ పసుపు సంచి పట్టుకెళ్ళాడు. అదే ఎరువనుకుని కొలెట్ నేల మీద ధారాళంగా చల్లి, దాని మీద గింజలు చల్లుతున్నాడు.

"అది కాదు" అన్న మాట మార్లిస్ నాలుక చివర దాకా వచ్చింది. ఒక్క కేక చాలు. కానీ కొలెట్ మళ్ళీ నవ్వింది. మార్లిస్ నోరు మూసుకుని, తల వంచుకుని, తన గింజలు తను చల్లుకుంది.

నెలాఖరుకి మార్లిస్ వాకిలి చిలక రెక్కలా పచ్చబడింది. చర్చిలో పంటల విందు రోజు ఆమె చేసుకెళ్ళిన బంగాళాదుంపల వంటకం వడ్డించుకుంటూ అందరూ పచ్చిక బాగుందని వెర్నన్‌నే మెచ్చుకున్నారు. కొలెట్ అయితే "వెర్నన్ గారి చేతిలో ఏదో ఉంది" అని బల్ల బల్లకీ చెప్పింది. "నాది ఇంకా రాలేదు, కొత్త నేల కదా, ఆలస్యమవుతుందట." వెర్నన్ పెద్దమనసు చేసుకుని, "మా మార్లిస్ కూడా సాయం చేస్తుంది లెండి, ఆకులవీ ఊడుస్తుంటుంది" అన్నాడు. మార్లిస్ ఇంకో గరిటె వడ్డించింది.

అక్టోబరు మధ్యకి కొలెట్ వాకిలి బోడిగుండులా మిగిలింది. మార్లిస్ రోజూ కిటికీలోంచి చూసుకునేది. మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత, చలిలో కొలెట్ గొట్టం పట్టుకుని ఆ చచ్చిన గింజలకి సాయంత్రం పూట నీళ్ళు పెడుతుంటే, చూడలేక కిటికీ తెర లాగేసేది. నోరు తెరిచి చెప్పడానికి మాత్రం మనసొప్పలేదు.

ఒక ఆదివారం కొలెట్టే తలుపు తట్టింది. వెర్నన్ హాల్లో పేపరు చదువుతున్నాడు.

"ఏమీ అనుకోకండి మార్లిస్. దుకాణంలో అడిగితే, ఆ పసుపు సంచి వల్లే మొలవలేదన్నారు. నిన్న వెర్నన్ గారిని అడిగాను. అది మీరిచ్చిన సంచట కదా? తెలియక ఇచ్చి ఉంటారు, ఫర్వాలేదు. చెప్పి పోదామని వచ్చాను."

హాల్లో పేపరు కదల్లేదు.

మొలిస్తే ఆయన చెయ్యి. మొలవకపోతే నా సంచి. మార్లిస్‌కి ఒళ్ళంతా వేడెక్కింది. ఆ వేడిలోనే, ఇన్ని వారాలుగా తనని తినేస్తున్నది ఏమిటో ఆమెకి తేటగా అర్థమైంది. ఎదురుగా చలికి ముక్కు ఎర్రబడి, క్షమించడానికి వచ్చిన ఈ మనిషి మీద ఆమెకి ఏ కోపమూ లేదు.

"నేనివ్వలేదు," అంది. "కానీ ఆయన చల్లుతుంటే చూశాను. గింజలు చస్తాయని తెలుసు. తెలిసీ నోరెత్తలేదు. అది మాత్రం నా తప్పే."

కొలెట్ నివ్వెరపోయింది. "ఎందుకు?"

"అసూయ."

"అయ్యో! నాకూ మీ ఆయనకీ అలాంటిదేమీ లేదండీ, నా మీద ఒట్టు..."

"మీ మీద కాదు," అంది మార్లిస్. వెర్నన్ పేపరు దించాడు. "ఆయన మీద. మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు చూడండి, ఆ మాటలు నావి. పక్కింట్లో నిలబడి నా మాటలకి ఆయన మెచ్చుకోలు పుచ్చుకుంటుంటే చూడలేకపోయాను."

"మార్లిస్, ఇప్పుడు ఇవన్నీ..." అని లేవబోయాడు వెర్నన్.

ఆమె అటు తిరగలేదు. "నవంబరు మూడో వారంలో, నేల గడ్డకట్టే ముందు, మళ్ళీ చల్లుదాం. గింజలు మంచు కింద పడుకుని ఏప్రిల్లో లేస్తాయి. అప్పటికి మందు పదును పోతుంది. నేనొచ్చి చూపిస్తాను, మీరే చల్లాలి. ఒకటే షరతు. మొలిచాక ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పాలి."

"మార్లిస్ నేర్పింది, అంతే కదా?" అంది కొలెట్ నెమ్మదిగా.

చిత్రంగా, ఆ వీధిలో ముప్పై ఒక్క ఏళ్ళు బతికాక తన పేరు 'నేర్పింది' అన్న మాట పక్కన వినడం మార్లిస్‌కి అదే మొదలు.

"మళ్ళీ ఒకసారి అనండి," అంది ఆమె. "ఆయనకి వినపడేలా."