సీసాలు తోమే పగిడయ్య

పగిడయ్య ఆరో సీసాలో సబ్బుపొడి వేసి, పుల్లకు చుట్టిన గుడ్డతో అడుగుదాకా తోమి, కడిగి, ఎండకు ఎత్తి చూశాడు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ హాస్టల్లో ఇరవై రెండేళ్లుగా మోటారు వేసేదీ, కాలువలు తీసేదీ అతనే. రెండు నెలల కిందట కొత్త పని ఒకటి చేరింది: పరీక్షకు నీళ్లు పట్టే సీసాలు తోమి పెట్టడం. స్నానాల గదుల నీళ్లు కుంటలోకి పోయేముందు ఇప్పుడు రెండు డ్రమ్ముల గుండా పోతున్నాయి. వాటి నిండా ఇనుము పట్టించిన వెదురు బొగ్గు. మురుగులోని ఎరువు సారాన్ని ఆ బొగ్గు పట్టేసుకుంటే కుంటలో నాచు పెరగదని ఖమ్మం కాలేజీ నుంచి వచ్చే తబితా మేడం చెప్పింది.

పోయిన ఎండాకాలం నాచు కుళ్లి చేపలన్నీ చచ్చి తేలాయి. వాటిని పిల్లలుగా తెచ్చి వదిలింది పగిడయ్యే.

కానీ డ్రమ్ము నీళ్లలో మేడం చుక్కల మందు వేసిన ప్రతిసారీ సీసా నీలమయ్యేది. నీలం తిరిగితే సారం పోనట్టే. ఈసారీ అంతే అయితే సోమవారం డ్రమ్ములు ఎత్తేస్తానంది.

"నీ బొగ్గు తింటలేదా ఏంది మామా?" వంట చేసే సవరమ్మ నవ్వింది.

"తింటది. నీ పప్పు తినెటోళ్లకన్న నయంగనే తింటది."

అన్నాడేగాని అతనికి మనసాగలేదు. మధ్యాహ్నం, తాగే బోరునీళ్లే తోమిన సీసా ఒకదానిలో పోసి, మేడం ఉంచి వెళ్లిన మందు చుక్కలు వేశాడు. పది నిమిషాలకు నీలం! అట్టపెట్టెలోంచి ఎన్నడూ తోమని కొత్త సీసా తీసి అవే నీళ్లు పోశాడు. రంగు రాలేదు. ఆ సీసానే సబ్బుపొడితో తోమి, కడిగి మళ్లీ పోశాడు. నీలం.

పగిడయ్య ఆ సీసా పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"సవరమ్మా, తప్పు బొగ్గుది కాదే. ఆ సారం సబ్బులనే ఉన్నది. గిన్ని దినాలు నేనే కలిపిన."

"నువ్వా? గంత శుభ్రం మనిషివి!"

"అవ్, ఆ శుభ్రమే కొంప ముంచింది."

సాయంత్రం ఇంకో కొత్త సీసాలో రెండో డ్రమ్ము నీళ్లు పట్టి కిటికీలో పెట్టాడు. మందు వేయలేదు. అది మేడం చూడవలసింది. ఛాతీలో పట్టినట్టుందని గోడకు ఆనుకున్నాడు. సవరమ్మ టీ తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది, ఊపిరి లేదు.

సోమవారం తబితా వచ్చింది. సవరమ్మ చెప్పిందంతా నిలబడే విన్నది. కిటికీలోని సీసాలో చుక్కలు వేసి, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఆగింది, తరువాత ఇంకో పది. నీళ్లు తేటగానే ఉన్నాయి. డ్రమ్ముల కోసం తెచ్చిన ట్రాలీ ఆటోను వెనక్కి పంపేసింది.

సీసా మెడకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. దాని మీద పెన్సిలుతో, ఒత్తి ఒత్తి రాసిన వంకర అక్షరాలు: "సబ్బు పెట్టలే."