పండగ ముందురోజు కూర

పెంతెకొస్తు పండగ ముందురోజు మా రేవుపట్నం ఓన్‌ఫ్లూర్‌లో గది దొరకడమంటే మాటలు కాదు. మర్నాడు పాదిరీగారు పడవలన్నిటినీ దీవిస్తారు, ఊరంతా కిక్కిరిసిపోతుంది. అలాంటి రోజున ఒక పెద్దావిడ బుట్ట పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. పేరు సిదోనీ. ఎక్కడో లోపలి పల్లె నుంచి, డెబ్బై రెండేళ్లకి మొదటిసారి సముద్రం చూడ్డానికి వచ్చిందట. రేవు చుట్టూ ఆరు హోటళ్లవాళ్లు లేదు పొమ్మన్నారట.

నా ఇంట్లోనూ ఖాళీ లేదు. ఉన్న నాలుగు గదుల్లో ఏడాది పొడవునా నలుగురు జాలరులు అద్దెకుంటారు. ఇల్లు నడిచేదే వాళ్లవల్ల. "ముందే చెప్పి రావద్దూ?" అని కసిరాను. కసిరినందుకు నాకే సిగ్గేసి, నా మంచం ఆవిడకిచ్చేసి, వాళ్ల పడవకి కాగితపు పూలు కట్టడానికి రేవుకి పోయాను.

తిరిగొచ్చేసరికి వంటిల్లంతా ఘుమఘుమ.

"ఊరికే ఎలా ఉంటాను తల్లీ? మా పెరట్లో పెంచిన కుందేలు. అందరికీ వండేశాను," అంది సిదోనీ.

 వెనకటికి ఓడల్లో తాళ్లు కొరికి మనుషుల్ని ముంచిందని, సముద్రం మీదికెళ్లేవాళ్ల ఇంట్లో ఆ జంతువు పేరు కూడా ఎత్తరు. ఇక కూరంటే!

"ఎంత పని చేశావమ్మా! ఈ వాసన తగిలితే వాళ్లు మూటాముల్లే సర్దుకుంటారు. నా ఇల్లు మూతపడుతుంది!"

సంగతంతా చెప్పాను. ఆవిడ పారబొయ్యడానికి గిన్నె ఎత్తేలోపలే నలుగురూ లోపలికొచ్చారు. వాళ్లలో పడవ నడిపే సరంగు ఆన్సెల్మ్ మూత తీసి చూశాడు. మిగతా ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరు వండారు?"

"నేనే బాబూ, తెలీక చేశాను. ఈ అమ్మాయినేమీ అనకండి. అందరూ తలుపేస్తే తన మంచమిచ్చింది. నేనే పోతాను."

ఆన్సెల్మ్ మూత పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు.

"రేపు పాదిరీగారు పడవ మీద నీళ్లు చల్లుతారుగా?"

"చల్లుతారు," అన్నాను.

"అంటే ఏ దోషమున్నా రేపటితో సరి. ఏడాదంతటిలో దీన్ని తినగలిగేది ఈ ఒక్క పూటేరా! నలభై ఏళ్లుగా ఈ సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు. కంచాలు పెట్టు ఓదీల్," అన్నాడు నాతో.

"పేరు మాత్రం పలక్కు సరంగూ," అన్నాడొకడు.

"నోరు ఖాళీగా ఉంటేగా పలకడానికి!"

మూడుసార్లు వడ్డించుకుని మూతి తుడుచుకున్నాడు. "పెద్దమ్మా, రేపు పడవ ముందు నువ్వే నిలబడాలి. మొదటి చుక్క నీ మీదే పడాలి. తప్పు నీదేగా!"

మర్నాడు అలాగే నిలబడింది. పడవ రేవు దాటి సముద్రంలోకి రాగానే రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాళ్లు నా ఇల్లు వదలనందుకు, ఆవిణ్ణి పోనివ్వనందుకు నాకూ కళ్లు నిండాయి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఒడ్డుకి దిగాక పాదిరీగారు పలకరించారు. "కొత్తగా వచ్చినట్టున్నారు. ఎక్కడ దిగారమ్మా?"

"మావాళ్లింట్లోనండీ," అంది సిదోనీ.