ఎండలో దగ్గరైన గొంతు

సెట్టులో సన్నటి గరగర. రేకు కప్పు కింద ఉక్క. పులికాట్ సరస్సు కదలడం లేదు, దాని మీద ఆకాశమూ కదలడం లేదు.

కోమలి వింటోంది.

వినడమే ఆమె పని. ఊరి పడవలన్నిటికీ కలిపి ఒడ్డున ఉన్నది ఒకటే వైర్‌లెస్ సెట్టు. పడవలు సముద్రం మీదికి పోయాక దాని ముందు కూర్చుంటుంది. కూర్చుని జీతం తింటోందని ఆడవాళ్లు ఆటపట్టిస్తారు. కూర్చుంటే తెలుస్తుంది! వాయుగుండాల కాలంలో మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది... మెరుపు మెరిసినప్పుడల్లా చెవిలో చిటపట. మంచు కాలంలో తడిసిన వైరు సగం మాట మింగేస్తుంది. ఏ కాలమొచ్చినా చెవులకు సెలవు లేదు.

విసుగొచ్చింది. నిజంగా విసుగొచ్చింది.

ఆ ఊళ్లో దూరాన్ని గొంతుతో కొలుస్తారు. గొంతు తేటపడిందంటే పడవ మొగ దగ్గరికి, అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటికి వచ్చినట్టు. కోమలి కేక వేస్తుంది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెడతారు.

ఈ ఉదయం వచ్చిన గొంతు ఆమె మొగుడిది. మునిచంద్రది.

"కోమలీ... ఇంజను ఆగిపోయినాది. దారి చూపే మిషను కూడా తడిసి చచ్చినాది. గట్టు కనపడలే."

ఎంత తేటగా ఉంది! పక్కన కూర్చుని చెప్పినట్టు. దగ్గు కూడా వినిపించింది.

"దగ్గరే ఉండాడు చిన్నాయనా, మొగ కాడే," అంది కోమలి.

ఆమె నాన్న తమ్ముడు పెంచలయ్య రెండు పడవలతో మొగ వైపు వెళ్లాడు. కోమలి ఇంట్లో ఎసరు పెట్టించింది.

ఎసరు మరిగింది. మరిగి మరిగి ఇగిరింది.

మొగ దగ్గర ఎవరూ లేరు. మళ్లీ వెతికారు — ఎవరూ లేరు.

అప్పుడు సెట్టులో ఇంకో గొంతు. అరవం. నాగపట్నం పడవవాడెవడో ఐసు కరిగిపోతోందని ఎవరి మీదో విసుక్కుంటున్నాడు. అదీ తేటగా... అదీ పక్కింట్లోంచి అన్నట్టు.

నాగపట్నం ఎక్కడ, పులికాట్ ఎక్కడ.

కోమలికి గుర్తొచ్చింది. సెట్టు బిగించినాయన ఎప్పుడో చెప్పిపోయాడు. ఎండాకాలం నేల మీది వేడిగాలి సముద్రపు చల్లగాలి మీద మూతలా పరుచుకుంటుందట. మాట పైకి పోలేక ఆ మూత కిందే జారుతూ ఎంతో దూరం పోతుందట.

గొంతు దగ్గరికి వచ్చింది. మనిషి ఎక్కడున్నాడు?

"చిన్నాయనా, మొగ కాడ ఎతకబాకండి! సముద్రం లోపలికి పోండి. శానా లోపలికి."

"ఏ పక్కకని పోవాలమ్మా?"

ఆమెకేం తెలుసు? మొగుడినే పిలిచింది.

"మామా, ఏం కనపడతా ఉండాది నీకు?"

"నీళ్లే. భయపడబాక కోమలీ. నీ మాట ఇంత బాగా వినపడతా ఉంటే నేనెంత దూరం ఉంటా? వచ్చేస్తార్లే మనోళ్లు."

అతనూ గొంతునే నమ్ముకున్నాడు. కాదని చెప్పకుండా ఆమె ఇంకో మాట అడిగింది.

"రాత్రి రాకెట్లు ఎగరేసే కాడి దీపాలు ఏ పక్కన కనపడినాయి మామా? గుర్తు తెచ్చుకో."

"దీపాలా... ఉండు... అవి..."

రేకు కప్పు టపటపలాడింది.

దక్షిణపు గాలి. పొద్దుటి నుంచీ ఊరంతా ఎదురుచూస్తున్న గాలి. వేడినీ చల్లదనాన్నీ ఒకటిగా కలిపేస్తూ, ఆ వేడిగాలి మూతను చెదరగొడుతూ వచ్చింది. బయట ఆడవాళ్లు కొంగులు విదిలించుకున్నారు. "బతికినాం తల్లీ," అని ఎవరో నవ్వారు.

మునిచంద్ర గొంతు పలచబడింది.

"...పక్క... తెల్లారే..."

"ఏ పక్క మామా? మళ్లీ చెప్పు. ఏ పక్క?"

సెట్టులో మళ్లీ గరగర. కోమలి సెట్టు వదల్లేదు. చెమట ఆరిపోతున్న ముఖంతోనే గాలికి చేతులు జోడించింది.

"కాసేపు ఆగు తల్లీ. ఉక్కపోస్తే పోయనీ. ఆ ఒక్క మాటా చెప్పనీ..."

గాలి హాయిగా వీస్తోంది.