వెర్నా వినే విజిల్

పంతొమ్మిది వందల తొంభై ఆరు, అక్టోబరు ఇరవై ఆరు, శనివారం. ఆ పొద్దున వెర్నా రెండు చెంచాల ఆపిల్ గుజ్జు తింది. మూడో చెంచా దగ్గర పెదవులు మూసుకుంది.

“చాలు. మిగతాది నువ్వు ఆట నుంచి వచ్చాక.”

ఆమె భర్త ఎమిల్ గిన్నె మీద సాసరు మూతపెట్టి మంచం పక్కన, రేడియో దగ్గర ఉంచాడు. తను కూచోకుండానే ఒక వేయించిన గుడ్డు, రొట్టె ముక్క తిని, వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి బూట్లకు నల్ల పాలిష్ పట్టించసాగాడు. వేసవి చివర్లో మంచాన్ని ముందుగదిలోకి మార్చారు. తలుపు తీసి ఉంచితే ఆమెకు వంటిల్లూ, అతని వీపూ కనిపిస్తాయి.

వెడల్పాటి వీపు. వారమంతా రొట్టెల వ్యాను నడిపి, పెన్సిల్వేనియా కొండల్లోని చిన్న చిన్న కొట్లకు ట్రేలు మోసే వీపు. శనివారం దాని మీదికి నలుపు తెలుపు చారల చొక్కా ఎక్కుతుంది. హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు కోలబంతిని చంకలో ఇరికించుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట అది. ఎమిల్ పని మైదానం అంచు గీత పక్కన నిలబడి తీర్పు చెప్పడం. ఆ పని చేసేవాడి పేరు ఎవరూ గుర్తుపెట్టుకోరు. గుర్తుపెట్టుకున్నారంటే ఏదో తప్పు చేశాడనే.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ప్రతి ఆగస్టులోనూ అతను గిన్నెలు తోముతుంటే వెర్నా రూల్స్ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు వేసేది. తప్పు చెబితే తడిగుడ్డతో వీపు మీద కొట్టేది. విజిల్ సంగతి మాత్రం ఏటా చెప్పేది. అది మోగితే ఆట ఆగినట్టే. పొరపాటున మోగినా సరే, వెనక్కి తీసుకోవడం ఉండదు. అందుకని అది చేతిలోనే ఉండాలి, బంతి కంటికి కనపడ్డాకే నోటికి రావాలి.

“ఇవాళ వెళ్ళను వెర్నా. రస్‌తో చెప్తే నేను లేకుండా మిగతా నలుగురూ ఆట నడిపించేస్తారు,” అన్నాడు పాలిష్ డబ్బా మూస్తూ.

“ఇక్కడ కూచుని ఏం చేస్తావ్? నా ఊపిరి లెక్కపెడతావా? మధ్యాహ్నం నర్సు వస్తుంది, పక్కింటి డోలోరస్ ఉంటుంది. నువ్వెళ్ళు.” ఆమె కాసేపు ఆగి ఊపిరి కూడదీసుకుంది. “వాళ్ళందరివీ ప్లాస్టిక్‌వి, పిచ్చుకల్లా కీచుమంటాయి. నీ ఇత్తడిది గలగలమంటుంది. ఆట రేడియోలో వస్తుందిగా, పట్టేస్తాను. గట్టిగా ఊదు.”

ఆమె అరికాళ్ళు చల్లబడ్డాయని తన ఉన్నిమేజోళ్ళు తొడిగి, రేడియో పెట్టి, అతను బయల్దేరాడు.

ఆట పక్క ఊళ్ళో. దీపాలు లేని మైదానం కనుక అక్కడ మధ్యాహ్నమే ఆడతారు. మేపుల్ ఆకులు గాలికి గీత మీదికి కొట్టుకొస్తున్నాయి. ఎమిల్ విజిల్‌ను చేతిలో పట్టుకోలేదు. ఆటకు ముందే పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. మొదటిసారి కుర్రాడు గీత దాటగానే ఎంత గట్టిగా ఊదాడంటే, రిఫరీ రస్ టోమ్కో మైదానం మధ్యలోంచి తిరిగి చూశాడు.

“ఏంటి ఎమిల్, రైలు ఆపుతున్నావా?”

“వెర్నా వింటోంది.”

రస్ తలాడించాడు. విజిల్ చేతిలో లేదని అతనూ చూశాడు, చూసీ వదిలేశాడు.

విరామం తర్వాత కూడా ఎమిల్ అలాగే ఊదాడు. ప్రతిసారీ కామెంటేటరు కూర్చున్న చెక్కగది వైపు తిరిగి మరీ ఊదాడు. చెవులు గింగురుమన్నాయి. హాయిగా ఉంది.

ఆఖరి భాగంలో స్థానిక జట్టు వెనకబడి ఉండగా, వాళ్ళ సన్నపాటి కుర్రాడొకడు బంతితో గుంపులోంచి బయటపడి ఎమిల్ ఉన్న గీత వెంటే పరుగు తీశాడు. ముందు ఎవరూ లేరు. జనం లేచి నిలబడ్డారు. ఎమిల్ అతని వెనకే పరిగెడుతూ కంచె గేటు వైపు చూశాడు.

అక్కడ డోలోరస్ నిలబడి ఉంది. చలికోటు లేదు. వంట ఏప్రన్‌తోనే వచ్చేసింది. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. రెండు చేతులతో కంచె తీగ పట్టుకుని ఊరికే నిలబడి ఉంది.

ఎమిల్ గుండెల్లోని గాలంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. పళ్ళ మధ్య ఉన్న ఇత్తడి విజిల్ మోగింది.

కుర్రాడు ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. తర్వాత జనం అరుపులు మొదలయ్యాయి.

రస్ పరిగెత్తుకొచ్చాడు. “నీదేనా?”

“నాదే.”

రస్ అతని చూపు వెంట గేటు వైపు చూశాడు. “ఎవరావిడ?”

“మా పక్కింటి డోలోరస్.”

“వెళ్ళు. మేం చూసుకుంటాం.”

“ముందు కోచ్‌తో చెప్పాలి.”

తప్పు చేసినవాడే వెళ్ళి చెప్పడం వాళ్ళ పద్ధతి. ఎమిల్ స్థానిక కోచ్ ముందుకెళ్ళి నిలబడ్డాడు. “విజిల్ నాది. ఊదకూడని చోట ఊదాను. తప్పు నాదే.”

“అద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా పెద్దాయనా? ఆ పిల్లాడికి ఏం చెప్పమంటావ్?”

“నా తప్పని చెప్పండి.”

టోపీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. తప్పు చేసినందుకు రస్ గెంటేశాడనుకున్నారు జనం. చప్పట్లు కొట్టారు.

“ఇంటికి పోయి రేడియోలో వినవయ్యా, అదే నయం!” అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే డోలోరస్ అతని కోసం గేటు తెరిచి పట్టుకుంది.

కారు ఆమే నడిపింది. ఊరి పొలిమేర దాటాక అడిగాడు, “ఎప్పుడు?”

“విరామానికి కాస్త ముందు. నువ్వు ఊదావు. ‘అదిగో’ అంది. కాసేపటికి మళ్ళీ ఊదావు. ఏమీ అనలేదు.” డోలోరస్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “నర్సు దగ్గరే ఉంది. రేడియో మాత్రం కట్టేయలేదు ఎమిల్. నువ్వింకా ఊదుతున్నావు. కట్టేయబుద్ధి కాలేదు.”

ఎమిల్ ఒళ్ళో విజిల్‌ను బొటనవేలితో రుద్దుతూ కూచున్నాడు.

“ఆఖరిది వినలేదన్నమాట.”

“ఆఖరిదా? ఏమైంది?”

“ఏం లేదులే. వింటే తిట్టేది.”

ఇల్లు చేరేసరికి నర్సు ఆమె జుట్టు దువ్వి ఉంచింది. ఎమిల్ మంచం పక్కన చాలాసేపు కూచున్నాడు. ఎవరితోనో కలిసి రస్ అతని కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. తాళాలు ఉత్తరాలపెట్టెలో వేసి, తలుపు తట్టకుండానే వెళ్ళిపోయాడు. చీకటి పడే వేళకు అంత్యక్రియల వాళ్ళు వచ్చి వెర్నాను తీసుకెళ్ళారు. ఉన్నిమేజోళ్ళు తీసి ఇవ్వబోతే, ఉండనివ్వమన్నాడు ఎమిల్.

“మా ఇంట్లో పడుకోరాదూ?” అంది డోలోరస్.

“వద్దమ్మా. రేపు ఆదివారమైనా రొట్టెలు దించాలి.”

ఆమె వెళ్ళాక రేడియో ఆపాడు. చారల చొక్కా విప్పకుండానే ముందుగది గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత, నిద్రపోతున్న మనిషిని లేపకూడదన్నట్టు, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు. లోపల రేడియో పక్కన, సాసరు మూతపెట్టిన గిన్నెలో, ఆట అయ్యాక తింటానన్న ఆపిల్ గుజ్జు అలాగే ఉంది.