ముక్కు లారీకి ఏసీ

ముక్కు లారీకి ఏసీ పెట్టమని అడిగినవాణ్ణి నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. కాశీబుగ్గలో నా షెడ్డుకి వచ్చేవన్నీ జీడిపప్పు షావుకార్ల కార్లు. చల్లదనం కాస్త తగ్గితే చాలు, పరువు పోయినట్టు పరిగెత్తుకొస్తారు. అలాంటి చోటికి రెండువేల మూడు వేసవిలో ఢిల్లీరావు, ఇంజను ముందుకి ముక్కులా పొడుచుకొచ్చిన తాతల నాటి లారీ తెచ్చి నిలబెట్టి, దీనికి ఏసీ పెట్టు బావా అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అద్దాలు సగమే ఎక్కే బండి, ఒక తలుపు తాడుతో కట్టిన బండి. ఎండదెబ్బ తగిలినట్టుంది, పోయి మజ్జిగ తాగి పడుకోమన్నాను.

వాడు కదల్లేదు. పెళ్లాం కన్నమ్మ సంగతి చెప్పాడు.

ఢిల్లీరావుది సముద్రం ఒడ్డు ఊరు, వేట మీద బతికే ఇల్లు. వలలో చేపలు తగ్గి అప్పుల్లో పడక ముందే వేట మానేసి ఆ లారీ కొనుక్కున్నాడు. ఉద్దానం కొబ్బరికాయలు విశాఖకి తోలతాడు. కన్నమ్మకి మా వైపు చాలా ఇళ్లల్లో ఉన్న జబ్బే వచ్చింది, కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విశాఖ తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. బస్సులో కూర్చోలేదు. అందుకని లోడున్న రోజుల్నే ఆసుపత్రి రోజులుగా కుదుర్చుకొని, క్యాబిన్లో తన పక్కన కూర్చోబెట్టుకొని వెళ్లేవాడు.

అసలు బాధ దాహం. ఒంట్లోంచి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయింది. తాగిన గుక్క తాగినట్టే లోపల ఉండిపోయి చివరికి ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. రోజుకి ఒక గ్లాసు మించితే ప్రాణానికి ముప్పని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ముక్కు లారీలో ఇంజను సెగ నేరుగా కాళ్ల మీదికే కొడుతుంది, పైన మే నెల ఎండ. కిందటి నెలలో నరసన్నపేట దగ్గర టైరు మారుస్తుంటే ఆమె దిగిపోయి కుళాయి కింద నోరు పెట్టింది. ఆ రోజు ఊపిరాడక కొట్టుకుంటూ ఆసుపత్రి చేరింది, అదృష్టం బాగుండి బతికింది.

"నీల్లు నీల్లని ఏడుత్తంది బావా. నాను ఇవ్వను. పెల్లానికి నీల్లివ్వని మొగుడు ఎక్కడైనా ఉంటాడేటి?" అన్నాడు. "సల్లగుంటే దాహం ఎయ్యదు. ఆ సల్లదనం ఒక్కటీ ఇయ్యి."

నాకు ఏడుపంటే చిరాకు. ఏడవని మగవాడు ఇలా మాట్లాడితే ఇంకా చిరాకు. సరేలే అన్నాను.

పాత కార్లలోంచి తీసిన సామాను ఉంది నా దగ్గర. ఇంజను పక్కన ఇనుప పట్టీలు వెల్డింగు చేసి కంప్రెసర్ బిగించాను. రేడియేటర్ ముందు కండెన్సర్, కన్నమ్మ మోకాళ్ల ఎదురుగా చల్లబరిచే కాయిల్, దాని కింద రేకు ట్రే. సగం ఎక్కిన అద్దాలకి రబ్బరు కూరాను. స్విచ్చి వేస్తే ఆ ముసలి బండి గజగజ వణికి, కాసేపటికి చల్లగాలి వదిలింది. కన్నమ్మను కూర్చోబెట్టాం. పది నిమిషాలకి కొంగు చెవుల మీదికి కప్పుకుంది.

"అన్నయ్యా, సలేత్తంది," అంది. ఆ మాటకి ఢిల్లీరావు ముఖం చూడాలి. గర్వంతో నా ఒళ్లు కూడా పొంగింది, దాచడమెందుకు.

కొన్నాళ్లు బాగానే సాగింది. పోతూ వస్తూ ఆమె నీళ్లే అడగలేదట. ఆ తర్వాత గ్యాసు కారిపోవడం మొదలైంది. నింపితే రెండు ట్రిప్పులు, మళ్లీ వేడిగాలి. ఏసీ గ్యాసు కంటికి కనపడదు, ముక్కుకి తెలీదు. సబ్బు నురుగు రాసి, ఏ జాయింటు దగ్గర బుడగ లేస్తుందా అని కళ్లు కాయలు కాసేలా చూడాలి. కంప్రెసర్ దగ్గర రాగి గొట్టం చీలింది. అతికాను. ఆ ఇంజను వణుకుడికి పక్కనే ఇంకో చోట చీలింది. అదీ అతికాను. ఉప్పుగాలికి కండెన్సర్ తెల్లగా పొడి రాలి చిల్లు పడింది, మార్చాను. ఇంకా కారుతూనే ఉంది. వాడు వచ్చిన ప్రతిసారీ నేను బూతులు లంకించుకునేవాణ్ణి. వాణ్ణి కాదు, బండిని. కానీ వినేది వాడే కదా. లీకు, లీకు, మళ్లీ లీకు, ఈ లీకు నా ప్రాణం తీసేట్టుందని అరిచేవాణ్ణి. వాడు తల దించుకొని నిలబడేవాడు.

ఈ మరమ్మతు గొడవలో కన్నమ్మకి ఒక ఆసుపత్రి రోజు తప్పిపోయింది. ముఖం ఉబ్బింది. పాదాలు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. ఇక అతుకులు పెట్టనని, బరంపురం మనిషిని పంపి మంచి రబ్బరు గొట్టం తెప్పించాను. ఇంజను ఎంత వణికినా అది చీలదు. బిగించి గ్యాసు నింపి నురుగు రాశాను. ఒక్క బుడగ లేదు. సాయంత్రం దాకా కూర్చొని చూశాను, లేదు. రేపు పొద్దున్నే బయల్దేరదాం, దారిలో ఎలా ఉంటుందో చూసుకోవాలి, నేనూ వస్తానన్నాను. వాడు బండి ఇంటికి తీసుకుపోయాడు.

పొద్దున్న పలాస దాటేసరికి క్యాబిన్ చల్లగా అయిపోయింది. అంత చల్లదనం మొదటి రోజు కూడా రాలేదు. మా ఇద్దరి మధ్య కన్నమ్మ దుప్పటి కప్పుకొని కళ్లు మూసుకుంది. మాట్లాడితే ఆయాసం వస్తోంది. తొమ్మిదైనా కాకముందే టెక్కలి కూడా దాటేశాం. మధ్యాహ్నానికి ఆసుపత్రి మంచం మీద ఉంటుందని లెక్క వేసుకున్నాం.

అప్పట్లో హైవే వెడల్పు చేస్తున్నారు. టెక్కలి దాటాక కల్వర్టు దగ్గర దారి మళ్లింపులో కంకర లారీ అడ్డంగా దిగబడి, ముందూ వెనకా బళ్లు నిలిచిపోయాయి. ఢిల్లీరావు ఏసీ ఆగకూడదని ఇంజను నడుస్తుండగానే దిగి, దారి చేయించడానికి ముందుకు పరిగెత్తాడు. ఎండలో నిలబడ్డ బండికి ఇంజను వేడెక్కకుండా నేను బానెట్ ఎత్తి, రేడియేటర్‌కి నీళ్లు తేవడానికి పక్కన గుంట దగ్గరికి వెళ్లాను. రావడం ఆలస్యమైంది.

వచ్చి తలుపు తీస్తే నీళ్లు నా చెప్పుల మీద పడ్డాయి. క్యాబిన్ నేలంతా నీరు. కాయిల్ కింద ట్రే నిండి, అంచు మీదుగా ధారగా కారుతోంది. కన్నమ్మ వంగి, టిఫిను డబ్బా మూత ఆ ధార కింద పట్టుకొని ఉంది. జాకెట్టు ముందంతా తడిసింది. ఎన్ని మూతలు తాగిందో నాకు తెలీదు. నన్ను చూసి మూత వెనక్కి దాచింది.

"ఆయనకి సెప్పకు అన్నయ్యా," అంది. "పాపం, శానా కాలం కాసినాడు."

ఏసీ బాగా పనిచేస్తే నీరు కారుతుంది. గాల్లో తడి కాయిల్‌కి తగిలి చల్లబడి నీరవుతుంది. అది ట్రేలో పడి, సన్నగొట్టంలోంచి బండి కిందికి కారిపోవాలి. అలా కారడమే ఆరోగ్యం. మా సముద్రం వైపు తేమకి చెంబులు చెంబులుగా కారుతుంది. కింద దూరి చూశాను. ఆ గొట్టం నోట్లో కొబ్బరి పీచు కూరి, పైన గుగ్గిలం కాచి నున్నగా పూసి ఉంది. వాళ్ల ఊళ్లో నావ పలకల సందులకి అలాగే పూస్తారు. చుక్క చొరదు, చుక్క పోదు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీస్తే నీళ్లు నా ముఖం మీద పడ్డాయి.

అప్పుడే వచ్చాడు ఢిల్లీరావు. నా చేతిలో పీచు చూసి, తనే చెప్పాడు. రాత్రి ఇంటి ముందు ఏసీ వేసి, మొదటిసారి బండి కిందికి వంగి చూస్తే బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయట. "లీకు ఇంకా పోలేదనుకున్నాను బావా. మల్లా నీకాడికొస్తే ఇసుక్కుంటావని, నానే కట్టీసినాను." నావలో లీకంటే నీళ్లే. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి తెలిసిన లీకు అదొక్కటే.

అది లీకు కాదని వాడికి చెప్పలేదు. కన్నమ్మ అడిగిన మాట మాత్రం నిలబెట్టలేదు. ఆమె తాగిందని చెప్పాను. వాడు క్యాబిన్ ఎక్కి ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తిట్టలేదు. ఎంత తాగేవే అని మెల్లగా అడిగాడు.

"సల్లగున్నాయి," అంది ఆమె.

విశాఖ ఇక అందదని టెక్కలి ఆసుపత్రికైనా తిప్పుదామనుకున్నాం. వెనక కూడా బళ్లే. ఢిల్లీరావు ఒక్కొక్క డ్రైవరు కాళ్లూ పట్టుకున్నాడు. నేను అరిచాను, బతిమాలాను, ఒకడి కాలరు పట్టుకున్నాను. పాపం వాళ్లు మాత్రం ఎక్కడికి జరుపుతారు. ఆమెకి ఊపిరి గురగురమనడం మొదలైంది. పడుకోలేదు, కూర్చోలేదు, నా భుజం పట్టుకొని ముందుకు వంగి గాలి కోసం నోరు తెరిచింది. గులాబీ రంగు నురుగు వచ్చింది. బండి తిరిగి టెక్కలి వైపు కదిలేసరికి నా భుజం మీద ఆమె చెయ్యి వదులైపోయింది. ఆసుపత్రి ఇంకా చాలా దూరముంది. నేను వాడికి చెప్పలేదు. వాడు హారను కొడుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో చూసి, తీసుకుపొమ్మన్నారు.

ఇంటికి తెచ్చేటప్పుడు కూడా ఏసీ ఆపలేదు. ఆ ఎండలో ఆపడానికి లేదు. ఆమెను మా మధ్యే కూర్చోబెట్టి, దుప్పటి చుట్టి, నేను భుజం ఆనించి పట్టుకున్నాను. కొబ్బరి తోటలు మొదలయ్యాయి.

"బావా, అది లీకేనా?" అన్నాడు అప్పుడు.

షావుకార్ల ముఖాల మీదే ఉన్నది ఉన్నట్టు అనేసే నోరు నాది. "లీకే," అన్నాను. "నువ్వు కట్టింది బాగానే ఉంది. ట్రే పాతది, అదే విరిగింది."

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నీకు అబద్దం సెప్పడం రాదు బావా," అన్నాడు. "నీరు పోయే దారి మూసీత్తే ఏటవుద్దో నాకు తెలీదేటి? ఇంట్లో రోజూ అదే కదా సూత్తన్నాను. తెలిసీ తెలిసీ ఈ సేత్తోనే మూసీసినాను."

దుప్పటి జారిపోతుంటే పైకి లాగాను. ఏసీ ఊరు చేరేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.