ముఖ్య అతిథికి వినిపించాల్సిన టమాటా

దాహం వేసిన మొక్క చప్పుడు చేస్తుందనీ, అది మన చెవికి అందదనీ, తగిన యంత్రం పెడితే వినొచ్చనీ ఈమధ్య తేలింది. ఆ సంగతి పేపర్లో చదివిన దగ్గర్నుంచీ పరిశోధన సంస్థ డైరెక్టరుగారికి కాలు నిలవలేదు. టిక్కుటిక్కుమని వినిపించే యంత్రం తెప్పించారు. శాఖ కార్యదర్శిగారిని ముఖ్య అతిథిగా పిలిచారు. వినిపించే పూచీ మాత్రం అద్దాల గదిలో టమాటాలు పెంచే పరిశోధక విద్యార్థిని నెత్తిన పెట్టారు.

"ఆ నాలుగో కుండీకి రెండ్రోజులు నీళ్ళు ఆపండి," అన్నారు.

తెగులు తట్టుకునేలా జన్యువులో ఒకచోట మార్చి, ఆమె నాలుగేళ్ళు తంటాలు పడి పెంచిన మొక్కల్లో బతికి బట్టకట్టింది అదొక్కటే. దానికి కాసిందీ ఒక్కటే కాయ. అది పండి గింజలు చేతికొస్తేనే ఆమె థీసిస్ ముందుకు కదిలేది.

"మామూలు టమాటా అయినా అదే చప్పుడు చేస్తుందండి."

"కార్యదర్శిగారికి మామూలు మొక్కను వినిపిస్తామా? బావుంటుందా, మీరే చెప్పండి."

ఆమె నీళ్ళు ఆపింది. కార్యదర్శిగారు రాలేదు. గురువారం అన్నారు, తర్వాత సోమవారం అన్నారు. ఈలోగా డైరెక్టరుగారి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: "మొక్కను కోలుకోనీయక, చావనీయక, ప్రస్తుత స్థితిలోనే ఉంచవలెను." ఆమె రోజూ చెంచాతో కొలిచి తడిపింది.

"నీళ్ళు పొయ్యలేదని తిట్లు తిన్నాగానీ తల్లీ, పోస్తే మెమో ఇస్తారని ఇప్పుడే వింటున్నా," అన్నాడు తోటమాలి.

"నీ మీదికేం రాదులే బాబాయ్. సంతకం నాది."

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అంతా విని, "నీళ్ళు పొయ్యకుండా ఉండటానికి అంత చదువెందుకే? మీ తమ్ముడు ఊరికే చేస్తాడుగా," అంది.

శనివారం పొద్దున చూస్తే ఆకులు వేలాడిపోయాయి, కాయ తొడిమ పసుపుబారింది. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. మగ్గు ముంచి పోసింది. పోసినవాళ్ళు రాయాలన్న నియమం ఉంది కాబట్టి రిజిస్టర్లో రాసింది: ఏడున్నర, ఒక లీటరు.

సోమవారం కార్యదర్శిగారు నిజంగానే వచ్చారు. మొక్క నిటారుగా ఉంది, కాయ ఎర్రబడింది. యంత్రం పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఒక్క టిక్కు కూడా లేదు.

"మీ ఎదుట వినయంగా ఉందండి," అన్నారు డైరెక్టరుగారు.

కార్యదర్శిగారు చెవి ఇంకాస్త దగ్గరగా పెట్టారు. "నాకు వినపడట్లేదా, అది మాట్లాడట్లేదా?"

"దానికి దాహం లేదండి," అంది ఆమె. "శనివారం నీళ్ళు పోశాను."

డైరెక్టరుగారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. కార్యదర్శిగారు మాత్రం తేలికపడ్డారు. "మంచిపని చేశావమ్మా. పాపం, ఏడిపించి వినడమెందుకు," అంటూ ఎదురుగా నిగనిగలాడుతున్న పండును తుంపి, రుమాలుతో తుడిచి, సగం కొరికారు. డైరెక్టరుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ఆమె బల్లమీది గాజు పళ్ళెం అందుకుంది.

"మింగకండి సార్. ఇంకా తినడానికి అనుమతి రాని పండు. నమలకుండా ఇందులో ఉమ్మేయండి."

కార్యదర్శిగారు ఉబ్బిన బుగ్గతోనే డైరెక్టరుగారి వైపు చూశారు. డైరెక్టరుగారు పైకప్పు అద్దాలు పరీక్షిస్తున్నారు. పళ్ళెంలో పడాల్సింది పడింది.

"ఎడమ బుగ్గలో ఇంకా ఉన్నాయండి."

అవీ పడ్డాయి. చేతిలోని సగం ఆమే తీసుకుంది. ఫొటోగ్రాఫరు అలవాటుకొద్దీ నొక్కాడు.

మధ్యాహ్నం గింజలు కడిగి, ఆరబెట్టి, లెక్కపెట్టి కవరు మీద రాసింది: నాలుగో మొక్క, మొదటి కాయ, డెబ్భై మూడు గింజలు. ఇందులో ముప్ఫై ఒకటి ముఖ్య అతిథి నోటి నుంచి సేకరించినవి.