పదకొండున్నర ఎండ

మేముండే మేడకు ఎదురుగా మూడు మేడలు వరసగా ఉన్నాయి. అటుదీ ఇటుదీ నాలుగేసి అంతస్తులు. మధ్యది మాత్రం రెండే, పళ్ళవరసలో ఒక పన్ను ఊడినట్టు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కిందికి దిగి నడుస్తాడు కదా, పొద్దుటంతా మొదటి మేడ చాటున దాక్కుని, సరిగ్గా పదకొండున్నరకు ఆ ఊడిన పన్ను సందులోంచి మా కింది వాకిట్లోకి తొంగి చూస్తాడు. పన్నెండు కొట్టేసరికి మూడో మేడ చాటుకు పోతాడు. ఆ అరగంటే మా ఎండ. మిగతా రోజంతా వాకిలి ఐసుపెట్టెలా ఉంటుంది.

ఆ అరగంట కోసం ముప్ఫై ఏళ్ళుగా కింద బెంచీ మీద కూర్చుంటున్నాను. ఒళ్ళో నాలుగు నారింజలో, ఒలవడానికి బఠాణీకాయలో ఉంటాయి. నా కోడలు కాపురానికొచ్చిన మొదటి చలికాలం నా పక్కన కూర్చుని తల ఆరబెట్టుకుంటూ, "అత్తయ్యా, వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది" అంది. ఆ మాటతో నాకు నచ్చేసింది పిల్ల. అప్పటిదాకా మావాడి ఎంపిక మీద కాస్త అనుమానంగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

అలాంటిది మూడేళ్ళుగా ఆమె ఆ బెంచీ ఎక్కలేదు. ఇంట్లోంచే ఉద్యోగం. ఎవరెవరో కొనుక్కున్న వాషింగ్ మెషీన్లు ఆగిపోతే, ఏ మీట నొక్కాలో కంప్యూటర్‌లో రాసి చెబుతుంది. కిటికీలోంచి వెలుగు పడితే తెర కనిపించదని పరదా వేసుకుంటుంది. తెర మీద ఆమె పేరు పక్కన ఒక పచ్చచుక్క ఉంటుంది. ఐదు నిమిషాలు మౌస్ కదపకపోతే అది బూడిదరంగుకు తిరిగిపోతుంది. బూడిదచుక్క అంటే మనిషి సీట్లో లేనట్టు. అన్నానికి అరగంట ఇస్తారు కానీ, అది ఒకటిన్నరకు. ఒకటిన్నరకు ఎండ ఎక్కడుంది? పదకొండున్నరకు మార్చమని రెండుసార్లు రాసింది పాపం. సిస్టమ్ ఒప్పుకోదని జవాబొచ్చింది.

సరే, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకుంటూ వచ్చాను. ఇంతలో మధ్యమేడ మీదికి ఇటుకలు ఎక్కడం మొదలుపెట్టాయి. కింద నిలబడి తాపీమేస్త్రిని కేకేశాను.

"ఎన్నంతస్తులయ్యా?"

"రెండు పెద్దమ్మా. పక్కవాటికి సమానం చేసేస్తున్నాం."

"మరి మా ఎండో?"

"అది నాకిచ్చిన ప్లానులో లేదు."

"ఈ వైపు గోడ ఎప్పటికి లేస్తుంది?"

"పదిహేను రోజులు. వాన పడితే ఇంకో రెండు వేసుకో."

వాన పడితే ఎండే రాదు కదా, ఆ రెండు రోజులు నేనేం చేసుకోను!

మెట్లెక్కి సరాసరి కోడలి గదిలోకి వెళ్ళాను. పట్టపగలు లైటు వెలుగుతోంది. "అమ్మాయ్, పదిహేను రోజుల్లో మన ఎండ గోడ అవతలికి పోతోంది. రేపు నువ్వు కిందికొస్తున్నావు" అన్నాను.

"చుక్క ఆరిపోతుంది అత్తయ్యా."

"ఆ మౌసేగా కదపాల్సింది? నేను కదుపుతాను. పిండి కలిపిన చెయ్యి, దాన్ని కదపలేదా?"

పదకొండున్నర వేళ ఫిర్యాదులు పెద్దగా ఉండవట. నా మొహంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

మొదటి రోజు నేను కుర్చీలో కూర్చుని మౌస్‌ను అటూ ఇటూ తోశాను. పది నిమిషాలకే ఆమె పైకొచ్చేసింది. "మీరు లేకుండా బాగాలేదు అత్తయ్యా. బస్సు కోసం కూర్చున్నట్టుంది" అంది. దానికితోడు సెల్‌ఫోన్ పట్టుకెళ్ళి, పచ్చచుక్క ఉందా లేదా అని అందులో చూసుకుంటూ కూర్చుందట. రెండో రోజు ఫోన్ లాక్కుని బఠాణీల బుట్ట చేతిలో పెట్టాను. కిటికీ పరదా తీసి చూస్తే, కింద సెలూన్ నడిపే కత్తెర ఆమెకు ఏదో కబురు చెబుతున్నాడు. అతని పేరెవరికీ గుర్తులేదు, అందరికీ కత్తెరే. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. నేను పైన చీకట్లో కూర్చుని ప్లాస్టిక్ ముక్కను రుద్దుతున్నాను. ఇదెక్కడి సంబడం అనిపించింది. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ చీకట్లోనే ఉండాలా?

మూడో రోజు నేను రుద్దుతుండగా తెర మీద ఒక పెట్టె లేచింది. దాన్ని తోసేద్దామని ఎక్కడో నొక్కాను. పెట్టె పోలేదు సరిగదా, ఒక కుర్రవాడి మొహం ప్రత్యక్షమైంది. చెవులకు డిప్పలు, కళ్ళకింద నలుపు. నా కోడలి పైఅధికారి.

"మేడమ్ ఏరీ?"

"ఏ మేడమ్ బాబూ?"

"ఆ సీట్లో ఉండాల్సిన మేడమ్."

"ఓ, నా కోడలా? కింద ఎండలో ఉంది."

"మరి మౌస్ ఎవరు కదుపుతున్నారు?"

"నేనే. మూడు రోజులైంది. బాగా కదుపుతున్నానా?"

అతను నవ్వలేదు. "అమ్మా, దీన్ని మోసం అంటారు."

ఆ మాట వచ్చి సూటిగా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

నేను పెద్ద చదువు చదవలేదు. చొక్కాల కార్ఖానాలో ఇరవై ఏళ్ళు చేత్తో కాజాలు కుట్టాను. అక్కడా ఒకడుండేవాడు, మాటిమాటికీ ఈల ఊదేవాడని వాడికి ఈల అనే పేరు పెట్టుకున్నాం. కార్ఖానా వెనక తలుపు తీస్తే ఎండొచ్చేది. ఒక చలికాలం ఈల ఆ తలుపుకు తాళం వేశాడు. మేం దొంగతాళం చేయించలేదు, కడుపునొప్పి అని చెప్పలేదు. ముప్ఫై ఆరుమందిమి ఎవరి కుర్చీ వాళ్ళం ఎత్తుకుని, ముందు గేటులోంచి అందరూ చూస్తుండగా వెళ్ళి, రోడ్డు వారన ఎండలో కూర్చుని కాజాలు కుట్టాం. ఈల ఊది ఊది వాడి బుగ్గలు వాచాయి. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాలుగో రోజున వెనక తలుపు వాడే తీశాడు. అలాంటి నేను, ఈ వయసులో, పరదా వెనక కూర్చుని దొంగచాటుగా ఎలకను తోస్తున్నానా!

"మోసమే బాబూ. తప్పు నాది. ఇదిగో, చెయ్యి తీసేశాను" అని రెండు చేతులూ ఎత్తి చూపించాను.

"తీసేస్తే చుక్క బూడిదవుతుంది."

"మనిషి సీట్లో లేదు కదా, అవ్వాల్సిందే మరి."

అతను నుదురు రుద్దుకున్నాడు. గొంతు తగ్గించి, "చూడండమ్మా, ఆవిణ్ణి పైకి పిలవండి. నెట్ పోయిందని ఒక్క ముక్క రాయమనండి. ఈసారికి వదిలేస్తాను" అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని వెనక కూడా పరదా వేసే ఉంది.

కిటికీలోంచి కేకేశాను. ఆమె సగం ఒలిచిన నారింజ చేత్తో పట్టుకుని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చింది. తెర మీద మొహం చూడగానే రంగు మారిపోయింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. చేతులెత్తి చూపించినంత తేలిక కాదు, ఉద్యోగం ఆమెది. నెట్ పోయిందని చెప్పినా ఏమీ అనుకోను అని మనసులో అనుకున్నాను.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"నెట్ పోలేదు సార్. నేను కింద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను."

"మేడమ్, నేను రాసుకోవడానికి..."

"అదే రాసుకోండి. రేపు కూడా వెళ్తాను. రేపటినుంచి మౌస్ ఎవరూ కదపరు. ఒకటిన్నరకు సీట్లోనే ఉంటాను, అన్నం మాని పనిచేస్తాను. పదకొండున్నరకు మాత్రం ఉండను."

"చుక్క బూడిదవుతుంది."

"అవనివ్వండి."

"రిపోర్టు వెళ్తుంది మేడమ్. నా చేతుల్లో ఉండదు."

"నా చేతుల్లో ఉన్నది చేస్తున్నాను సార్" అంది. ఆ చేతిలో నారింజ ఉంది.

అతను పోయాక ఆమె కూలబడింది. "ఏం చేశాను అత్తయ్యా?" అంది. "ఏముంది, తలుపు తీశావు" అన్నాను. నారింజ చెరిసగం తిన్నాం. పుల్లగా ఉంది, అయినా ఎవరూ వంక పెట్టలేదు.

మర్నాడే హెచ్చరిక కాగితం తెరమీదికొచ్చింది. దాన్ని చదివి మూసేసి, పదకొండున్నరకు కుర్చీలోంచి లేచింది. ఫోన్ బల్ల మీద పెట్టి, పైన దుప్పటి కప్పింది, నిద్రపుచ్చినట్టు. నేనూ ఆమే కలిసి మెట్లు దిగాం. మూడేళ్ళ తరవాత ఆ బెంచీ మీద ఇద్దరం. ఎండ ముందు పాదాల మీదికొచ్చింది, తరవాత మోకాళ్ళు, తరవాత ఒళ్ళో బుట్ట. నా మోకాళ్ళలో ఏదో కరిగినట్టు అనిపించింది. కత్తెర సెలూన్‌లోంచి తల బయటపెట్టి, "ఏం పిన్నిగారూ, ఇవాళ కోడలికి సెలవా?" అన్నాడు.

"సెలవు కాదు, కోడలికి పొగరు" అన్నాను.

"ఎవరిదో పోలిక" అని లోపలికి పోయాడు.

ఆ మరుసటి రోజు కిందికి దిగబోయేముందు, "ఇలా రండి అత్తయ్యా" అని తెర చూపించింది. ఆమెతో పనిచేసే పధ్నాలుగుమంది పేర్లు వరసగా ఉన్నాయి, పక్కన చుక్కలు. అందులో రెండు అప్పటికే బూడిదరంగులో ఉన్నాయి.

"వీళ్ళకేమైంది?"

"జరిగిందంతా నిన్న ఫోన్‌లో మా ఆఫీసువాళ్ళ గుంపులో రాశాను. ఈవిడ ఇంటి మెట్ల మీద కూర్చుందట. ఇతను చెట్టు కింద రాలిన ఆకుల్లో కూతురితో ఆడుకుంటున్నాడట."

వాళ్ళ మొహాలు నేనెరగను, వాళ్ళ ఊళ్ళూ ఎరగను. అయినా ఆ బూడిదచుక్కలు చూస్తే, ఇంట్లో లేని మనిషి ఏదో మంచిచోటికే వెళ్ళిందని తెలిసినట్టు హాయిగా ఉంది. వారం తిరిగేసరికి చుక్కలు ఏడయ్యాయి. రెండో హెచ్చరిక ఏడుగురికీ కలిపి వచ్చింది.

రాత్రి అన్నాల దగ్గర మావాడు, "ఉద్యోగంలోంచి తీసేస్తే ఏం చేద్దామే?" అన్నాడు.

"ఏడుగురినీ తీసేస్తే ఆ వాషింగ్ మెషీన్ల వాళ్ళకు మీట ఎక్కడుందో ఎవరు చెబుతారు? మా సారు చెబుతాడా?" అంది ఆమె. మావాడు నా వైపు చూశాడు. నేను పప్పు వడ్డించుకున్నాను.

మూడో కాగితం ఇంకా రాలేదు. రావచ్చు. ఒకటిన్నరకు మాత్రం ఆమె సీట్లోనే ఉంటోంది, చెప్పిన మాట తప్పలేదు.

మేస్త్రి కూడా మాట తప్పలేదు. పదహారో రోజుకు గోడ పక్కమేడల మెడదాకా వచ్చింది. ఎండ బెంచీ అంతా రాలేదు, ఒక చివర జానెడు మేర పడింది. నేనూ కోడలూ ఆ జానెడులోకి సర్దుకున్నాం. కత్తెర గడ్డం సగం గీసిన మనిషిని కుర్చీతో సహా బయటికి లాక్కొచ్చాడు, ఆఖరి ఎండ ఎందుకు వదులుకోవాలని. ఆ మనిషి నురగ మొహంతోనే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పైన మా ఇంట్లో, దుప్పటి కింద, ఫోన్ మోగడం వినిపించింది.

"పిన్నిగారూ, మీదే" అన్నాడు కత్తెర.

"మోగనీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఎండ ముందు నా భుజం మీదినుంచి జారింది. తరవాత ఆమె చెవి మీదినుంచి, తరవాత మా వెనక గోడ మీదినుంచి. వాకిలి చల్లబడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మాత్రం తలెత్తి మా మేడ కొసకేసి చూస్తోంది. మా డాబా మీద రోజంతా ఎండే. కానీ సెల్‌ఫోన్ స్తంభం పాతించి, డాబా తలుపుకు తాళం వేసుకున్నాడు ఇంటి యజమాని. ఆరేళ్ళుగా ఎవరూ పైకెళ్ళలేదు.

"అత్తయ్యా, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"యజమాని దగ్గర. అడిగితే ఇవ్వడు, మనిషి గట్టివాడు."

"అడిగేటప్పుడు కుర్చీలు కూడా పట్టుకెళ్దాం" అంది, ఒడిలోని తొక్కలు దులుపుకుంటూ.

కుర్చీలు తను మోస్తానన్నాడు కత్తెర. అన్ని మెట్లు నన్నెవరు మోస్తారన్నది ఇంకా తేలలేదు. అయినా నా మోకాళ్ళను అడిగిందెవరు? రేపు పదకొండింటికే బయల్దేరుతున్నాం.